అనంతపుర సీమయందు ఆంగ్లనాటకాధ్యయనము

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము అను మూఁడు పురములును గుంతకల్లునుండి బెంగుళూరునకుఁ బోవు ధూమశకటమార్గమున వరుసగా నున్నవి. ధర్మవరము చెఱువునకును పట్టుమగ్గములకును పేరొందినది. 1565 సంవత్సరమున విజయనగర సైన్యము పరాజయము నొందిన పిదప పెనుకొండ రాయలకు రాజధాని యయ్యెను. హిందూపురము కర్ణాటక సరిహద్దున తెలుఁగును కన్నడమును గలసి వినఁబడు వర్తకస్థలము. ఈ సీమ 1882 వఱకు బళ్ళారి మండలములో నుండెను. ఆ యేఁట అనంతపురము ప్రత్యేకమండల మయ్యెను. 2022 లో ఈ మూఁడు పురములును శ్రీ సత్యసాయి జిల్లాలోఁ జేరినవి. ఎల్లలు మాఱినను ఈ సీమకు నాటకవిద్యతోడి సంబంధము తెగలేదు. ఆంధ్రనాటక పితామహుఁ డని ప్రసిద్ధి గాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు జన్మించినది ధర్మవరమున. సరస్వతీపుత్రుఁడని కీర్తింపఁబడిన పుట్టపర్తి నారాయణాచార్యులు బాల్యమున ఆంగ్లసాహిత్యము నభ్యసించినది పెనుకొండలో.

మాతృభాష తెలుఁగైన బాలునకు నాలుగునూఱుల యేండ్లనాఁటి యాంగ్లనాటక మెట్లు బోధపడును? అర్థ మెఱుఁగుటయు నాటక మెఱుఁగుటయు నొకటియేనా? ఈ ప్రశ్నకు పై యిద్దఱి చరిత్రములును సమాధాన మొసఁగఁగలవని మా తలంపు. పుస్తకమున మాత్రమే చదివిన నాటకము పరీక్షతోఁ దీఱిపోయినది. నోటఁ బలికి చెవి నిలిపినది మాత్రమే ఈ సీమలో ఫలించినది. ఈ విషయమునే యిచట విచారింపఁబూనితిమి.

పాఠశాలలో నాటకము

1835 లో మెకాలే వ్రాసిన లేఖ వలన ఆంగ్లవిద్యకు రాజాదరణము గలిగెను. 1857 లో చెన్నపురి విశ్వవిద్యాలయము స్థాపింపఁబడెను. నాఁటినుండి పట్టముఁ గోరు విద్యార్థికి షేక్స్పియరు నాటకము తప్పనిసరి పాఠ్య మయ్యెను. బళ్ళారి సీమనుండి వచ్చిన బాలుఁడు ఇంట తెలుఁగును, వీథిలో కన్నడమును ఉర్దూను, పండితునియొద్ద సంస్కృతమును వినుచుఁ బెరిఁగినవాఁడు. ఆంగ్లేయులకే వ్యాఖ్య లేక తెలియని యెలిజబెత్తు రాణినాఁటి భాష యాతనికి పాఠ మయ్యెను.

ఈ కష్టమును దీర్చుటకు రెండు సాధనములు ప్రబలెను. మొదటిది కథాసంగ్రహము. చార్లెసు లాంబును ఆతని సోదరి మేరీ లాంబును 1807 లో బాలురకొఱకు షేక్స్పియరు కథలను వచనమున వ్రాసి ప్రకటించిరి. రెండవది సవ్యాఖ్యాన ముద్రణము. హిందూదేశమున విద్యాశాఖయందుఁ బనిచేసిన డైటను పండితుఁడు వ్రాసిన వ్యాఖ్యానములు విద్యార్థులకు చిరకాలము ఊఁతకోలయై యుండెను.

మనదేశపు విద్యార్థికి వ్యాఖ్యానము క్రొత్తది గాదు. మల్లినాథుని వ్యాఖ్య లేక కాళిదాసును చదివిన బాలుఁ డరుదు. పదచ్ఛేదము, అన్వయము, ప్రతిపదార్థము, తాత్పర్యము, అలంకారము అను క్రమము ఆతనికి వెన్నతోఁ బెట్టిన విద్య. ఈ పద్ధతినే యాంగ్లనాటకమునకును బ్రయోగించిరి. దీనిని వట్టి వల్లెవేఁత యని నిందించుట న్యాయము గాదు. క్రియ యెచట నున్నదో కర్త యెవ్వఁడో తెలియని షేక్స్పియరు వాక్యమును విప్పుటకు మన దండాన్వయము కంటె మేలైన యుపాయము లేదు. ఆంగ్లకవి ఛందస్సుకొఱకు పదముల వరుస మార్చినప్పుడు ఆంగ్లబాలుఁడు తికమకపడును. పద్యమును గద్యక్రమమునఁ జెప్పుకొనుట బాల్యమున నేర్చిన తెలుఁగు బాలుఁడు బెదరఁడు.

కాని యీ పద్ధతికి లోప మొకటి గలదు. కావ్యము శ్రవ్యము, నాటకము దృశ్యము. శ్రవ్యకావ్యమున కవి తానే పలుకును. నాటకమున ఒక్కొక్క మాటయు ఒక్కొక్క పాత్ర నోటినుండి యొకానొక సమయమున నొకానొకని నుద్దేశించి వెలువడును. ప్రతిపదార్థము మాటను దాని వక్తనుండి వేఱుపఱచును. ఆ వేఱుపాటునందే నాటకము జాఱిపోవును.

జూలియస్ సీజరు నాటకమున మూఁడవ యంకమునందలి యాంటొనీ ప్రసంగమును జూడుఁడు. సీజరు శవమును ముందుంచుకొని ఆంటొనీ పౌరులతో మాటలాడును. బ్రూటసును గౌరవార్హుఁ డను విశేషణముతో మరల మరలఁ బేర్కొనును. వ్యాఖ్యాత యా పదమునకు ఒక్కమాఱు అర్థము వ్రాసి యూరకుండును. నిఘంటువునకు అంతకంటె నవసరము లేదు. కాని మొదట ఆ మాట మర్యాద. పిదప సందేహము. ఆపైని పరిహాసము. తుదకు నింద. అక్షర మొక్కటియు మాఱలేదు, అర్థము మాత్రము తలక్రిందులైనది. దీనిని గంఠస్వరముననే గాని పలకమీఁద వ్రాసి చూపఁజాలము.

మన శాస్త్రకారు లీ స్వరభేదమునకుఁ బే రొసంగియే యున్నారు. దానికి కాకువు అని నామము. భరతుని నాట్యశాస్త్రమునం దిది వాచికాభినయములో భాగముగా విచారింపఁబడినది. ఆలంకారికులు కాకువక్రోక్తి యని యొక యలంకారమునే చెప్పిరి. మాట యొకటి, స్వరమువలనఁ దోఁచు నర్థము వేఱొకటి యని దాని లక్షణము. ఆంటొనీ ప్రసంగమును కాకువక్రోక్తికి లక్ష్యముగాఁ జూపినచో పాఠము సగము ముగిసినట్లే. మన యొజ్జ లలంకారములను వెదకునపుడు ఉపమోత్ప్రేక్షలను వెదకిరి గాని కాకువును తఱుచుగా మఱచిరి.

తెలుఁగు విద్యార్థి సొత్తు

పరభాషానాటకమును బోధించువాఁడు విద్యార్థికి లేనిదానినే లెక్కించుట పరిపాటి. ఉన్నదానిని లెక్కించుట మేలు. ఇందుకు రెండు నిదర్శనములు.

షేక్స్పియరునాఁటి యాంగ్లమున మధ్యమపురుషమునకు రెండు సర్వనామము లుండెను. ఒకటి మన నీవు వంటిది, రెండవది మన మీరు వంటిది. తరువాతి యాంగ్లము మొదటిదానిని విడిచిపెట్టినది. నేఁటి యాంగ్లబాలున కా భేదమును వివరించి చెప్పవలయును. తెలుఁగు బాలున కది పుట్టుకతోనే తెలియును. హామ్లెటు నాటకమున రాణి తన యంతఃపురమునకు కుమారుని రప్పించి, తండ్రికి కోపము తెప్పించితివని నీవు అను రూపముతో మందలించును. కుమారుఁడు మృతుఁడైన తన తండ్రిని దలఁచుకొని, మీరే నా తండ్రి కపచారము చేసితిరని గౌరవరూపముతోఁ దిరిగి యనును. వెంటనే తల్లియు కుమారుని మీరు అని సంబోధించును. ఆ క్షణమున వాత్సల్యము వెనుదీసి దూరము ముందునకు వచ్చినది. మా తల్లులును అలిగినపుడు “తమరు పెద్దవారైనారు గదా” యని బహువచనమునకు దిగుదురు. ధర్మవరపు బాలునకు ఈ ఘట్టమున టిప్పణ మక్కఱలేదు, తన యిల్లు జ్ఞప్తికి వచ్చిన చాలును.

రెండవది ఛందస్సు. షేక్స్పియరు నాటకపద్యము తఱుచుగా పదియక్షరముల పాదము గలది, అంత్యప్రాస లేనిది. ఊనిక లేని యక్షరమును ఊనిక గల యక్షరమును జంటగా నైదుమాఱులు వచ్చుట దాని సామాన్యలక్షణము. మన పంచచామరమున లఘువును గురువును జంటగా నెనిమిదిమాఱులు వచ్చును. పంచచామరము చదువనేర్చిన బాలుఁ డాంగ్లపాదముయొక్క నడకను వెంటనే పట్టఁగలఁడు. అయితే ఇచటనే యొక ప్రమాదమును గలదు. మనది మాత్రాపరిమాణము, వారిది ఊనిక. మన బాలుఁడు దీర్ఘమున్న చోట నెల్ల నిలిచి, ఊనిక యున్న హ్రస్వమును దాఁటిపోవును. ఇది కన్నులతోఁ జదువుటవలనఁ దీఱు దోషము గాదు. పలుమాఱులు పైకిఁ జదివిననే తీఱును. సాదృశ్యముచేత ప్రవేశమును, భేదముచేత శిక్షణమును గలుగును.

అనువాదమే అధ్యయనము

ఆంధ్రులు షేక్స్పియరును నేర్చిన మార్గములలో అనువాదము ముఖ్యమైనది. వావిలాల వాసుదేవశాస్త్రి జూలియస్ సీజరును సీజరు చరిత్రమను పేర 1870 దశకమునఁ దెలుఁగు చేసెను. ఆంగ్లపద్యమునకు బదులుగా నాతఁడు తేటగీతి వంటి దేశిచ్ఛందస్సును గ్రహించెను. తేటగీతికి ప్రాసనియమము లేదు. ప్రాస లేని యాంగ్లపద్యమునకు సరిపోవు తెలుఁగుపద్య మేదియను ప్రశ్నకు ఆ యెన్నిక చక్కని సమాధానము. కందుకూరి వీరేశలింగము పంతులు హాస్యప్రధానమగు షేక్స్పియరు నాటకమునకు చమత్కార రత్నావళి యని పేరిడి, పాత్రలకును స్థలములకును మనదేశపు నామము లొసంగెను. ఆయన వృత్తిచే నుపాధ్యాయుఁడు. తన విద్యార్థులచేతనే రాజమహేంద్రవరమున నాటకము లాడించెను. పాఠశాలయు రంగస్థలమును ఒక్కచోటఁ గలసిన తొలి ఘట్టములలో నిది యొకటి.

హిందూపురమునకు ఆవలి మైసూరు రాజ్యమునఁ గూడ నిట్టి ప్రయత్నమే జరిగినది. బసవప్పశాస్త్రి ఒథెల్లో కథను శూరసేన చరిత్రె యని కన్నడమున రచించెను. ఆయన సంస్కృతకన్నడములందు ఘనపండితుఁడేకాని ఆంగ్లము నెఱుఁగఁడు. ఆంగ్లము నెఱిఁగినవారు చదివి చెప్పఁగా విని, కన్నడపద్యములను గట్టెను. భాష యెఱిఁగినవాఁ డొకఁడు, నాటక మెఱిఁగినవాఁ డొకఁడు, ఇద్దఱును గలసి యొక నాటకమును సాధించిరి. పరభాషానాటకము నేర్చుటలో నీ రెండు సామర్థ్యములును వేఱువేఱని దీనివలన స్పష్టమగుచున్నది. తరగతిలో వ్యాకరణము బాగుగా వచ్చిన బాలుఁడును, గొంతు బాగుగా నాడు బాలుఁడును ఒకనికొకఁడు తోడైనచో నెట్టి ఫలము గలుగునో ఉపాధ్యాయు లూహింపఁగలరు.

ధర్మవరమునుండి బళ్ళారికి

ధర్మవరము రామకృష్ణమాచార్యులు 1853 లో జన్మించెను. తండ్రి కృష్ణమాచార్యులు పండితుఁడు. కుమారుఁడు సంస్కృతాంధ్రకన్నడములతోఁబాటు ఆంగ్లమును నేర్చి, న్యాయవాదియై బళ్ళారిలో స్థిరపడెను. 1886 లో సరసవినోదినీ సభ నెలకొల్పఁబడెను. 1887 లో ఆయన చిత్రనళీయము ప్రదర్శింపఁబడెను. పాదుకాపట్టాభిషేకము, ప్రహ్లాద, విషాదసారంగధర మొదలగు నాటకములు పెక్కు వెలువడెను. స్వయముగా పాత్రధారణము చేసి, సభలోని నటులకు శిక్షణ మిచ్చెను.

ఆయన ఆంగ్లనాటకమునుండి గ్రహించినది కథను గాదు, కట్టుబాటును. అంకమును రంగములుగా విభజించుట, పాత్రలప్రవేశనిష్క్రమణములను కథావేగమునకుఁ దగినట్లు కూర్చుట, సంభాషణమున మనోవికారమును క్రమముగాఁ బెంచుట అను వానిని గ్రహించి, వానియందు మన పురాణకథలను, పద్యములను, పాటలను నిలిపెను. అన్నింటికంటె సాహసమైనది విషాదసారంగధర. సంస్కృతనాటకసంప్రదాయము శుభాంతమునే కోరును. సవతితల్లి చిత్రాంగి మోపిన నిందవలన నిరపరాధియగు సారంగధరుఁడు తండ్రి రాజనరేంద్రునిచేత దండింపఁబడు కథను ఆంధ్రులందఱు నెఱుఁగుదురు. దానిని విషాదాంత నాటకముగా మలచి ప్రేక్షకుల కన్నీటిమధ్య తెరదింపుట నాఁటికి విప్లవమే.

ఇచట బోధనకు సంబంధించిన సూక్ష్మ మొకటి గలదు. తెలుఁగు విద్యార్థికి ఆంగ్ల విషాదనాటకమున గల యడ్డంకి పదములది గాదు, భావనది. ఉత్తముఁడు నశించినపిదప నాటక మెందుకు ముగిసినది? ధర్మ మెందుకు జయింపలేదు? మరల లేచి రాఁడా? ఈ ప్రశ్నలకు నిఘంటువులోఁ బ్రత్యుత్తరము లేదు. రామకృష్ణమాచార్యులు దానిని వ్యాఖ్యానించి చెప్పలేదు. మనకు తెలిసిన సారంగధరునిద్వారా చూపించెను. ఆ నాటకమును జూచి వచ్చిన బాలునకు మఱునాఁడు ఒథెల్లో పాఠము చెప్పుట సుకరము. తెలిసినదాని మీఁదుగాఁ దెలియనిదానికి దారి యేర్పడినది.

ఈ ప్రభావము బళ్ళారితో నిలువలేదు. 1891 లో ఆ సభవారు చెన్నపురి కేగి ప్రదర్శనము లొసంగిరి. వానిని జూచి యుత్తేజితుఁడైన పమ్మల్ సంబంధ మొదలియారు అదే యేఁట సుగుణవిలాస సభను స్థాపించెను. తరువాత హామ్లెటు మొదలగు షేక్స్పియరు నాటకములను ద్రవిడభాషలోనికిఁ దెచ్చెను. ఒక తెలుఁగు వకీలు ఆంగ్లరీతి నెఱిఁగి తెలుఁగున నాడిన నాటకము ద్రవిడరంగమునకు ప్రేరణ మగుట గమనింపఁదగినది.

ఆచార్యుని మేనల్లుఁడు బళ్ళారి రాఘవ. 1880 లో తాడిపత్రిలో జన్మించిన యీ మహానటుఁడు చిన్ననాఁటనే బళ్ళారిలో షేక్స్పియరు పేర నొక సంఘమును గూర్చి ఆంగ్లనాటకముల నాడెను. షైలాకు, ఒథెల్లో, హామ్లెటు పాత్రలు ఆతనికిఁ గీర్తి దెచ్చెను. ఆతఁడును న్యాయవాదియే. పాఠ్యగ్రంథముగా నిచ్చిన నాటకమును విద్యార్థి తనంతతాను రంగమున కెక్కించిన యుదాహరణ మిది. పుటలో చదివిన షైలాకు పరీక్షకు పనికివచ్చును. ఆడిన షైలాకు ద్వేషింపఁదగినవాఁడో జాలిపడఁదగినవాఁడో నటుఁడు తానే నిర్ణయించుకొనవలయును. ఆ నిర్ణయమే నిజమైన చదువు.

పెనుకొండలో నొక దొరసాని

పుట్టపర్తి నారాయణాచార్యులు 1914 లో అనంతపుర మండలములోని చియ్యేడు గ్రామమున జన్మించి, పెనుకొండలోఁ బెరిఁగెను. ఇంట సంస్కృతము. పెనుకొండలోనే సంగీతము, నాట్యము. శిథిలమైన కోటగోడలమధ్య తిరుగుచు ఆ బాలుఁడు పదునాలు గేండ్లకు లోపలనే పెనుగొండలక్ష్మి యను కావ్యమును రచించెను. అప్పుడు పెనుకొండ సబ్ కలెక్టరు భార్యయగు పిట్ దొరసాని యాతనికి ఆంగ్లసాహిత్యమును బోధించెను.

ఈ సంబంధమును గూర్చి కొంచెము నిలిచి యాలోచింపవలయును. ఆమె పాలకవర్గమునకుఁ జెందిన స్త్రీ. ఆతఁడు వైష్ణవ పండితకుటుంబములోని పేదబాలుఁడు. అక్కడ పరీక్ష లేదు, మార్కులు లేవు, టిప్పణము కంఠస్థము చేయవలసిన పని లేదు. ఆ భాషలోఁ బుట్టిపెరిఁగిన కంఠమునుండి దాని సాహిత్యమును వినుట యా బాలునికి లభించిన భాగ్యము. ఛందస్సును చెవితో నేర్చినవాఁడు, నాట్యమున భావమును దేహముతో నేర్చినవాఁడు, ఆంగ్లమును గూడ నట్లే గ్రహించుట సహజము. ఫలము మనకుఁ గనఁబడుచునే యున్నది. పదునాలుగు భాషలలోఁ బ్రవేశము గల కవిగా నాతఁడు ప్రఖ్యాతుఁడయ్యెను. శివతాండవమును రచించిన చేతితోనే ఆంగ్లమునఁ గవిత్వమును, నాటకమును వ్రాసెను. 1972 లో పద్మశ్రీ బిరుదము నందెను. 1990 లో దివంగతుఁడయ్యెను.

ఆయన జీవితమున మఱియొక విచిత్రము గలదు. ఆయన బాల్యరచనయగు పెనుగొండలక్ష్మి విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథ మయ్యెను. ఆ పరీక్షకే ఆయన విద్యార్థిగాఁ గూరుచుండవలసి వచ్చెను. తాను వ్రాసిన కావ్యమును గూర్చి తానే ప్రశ్నలకు సమాధానము వ్రాసెను! కావ్యమునకును పాఠ్యగ్రంథమునకును గల దూరమును ఇంతకంటె స్పష్టముగాఁ జూపు దృష్టాంతము దొరకదు.

ఆక్షేపములు

కొంద ఱిట్లాక్షేపింపవచ్చును. నాటకమాడుటవలన భాష రాదు, వ్యాకరణము వెనుకఁబడును, పదుగురు ఆడుచుండఁగా తక్కిన నలువదిమంది చూచుచుందురు. ఈ యాక్షేపమునందు సత్యము లేకపోలేదు. అర్థము తెలియని మాటను ఆవేశముతోఁ బలుకుట చిలుకపలుకే. అందుచేతనే అన్వయము ముందు, అభినయము పిదప. మేము వ్యాఖ్యానమును విడువు మనలేదు, వ్యాఖ్యానముతో నాఁగవల దనుచున్నాము. నాటకమంతయు నాడ నక్కఱలేదు. ఒక్క ఘట్టమును, ఇరువది పంక్తులను, తరగతిలోని ప్రతి బాలుఁడును బాలికయు మూఁడు విధములఁ బలికి చూచిన చాలును. ఏది సరియైనదో వాదించుకొందురు. ఆ వాదము జరుగుటకే నాటక మున్నది.

మఱికొందఱు షేక్స్పియరు పాలకులు మోపిన బరువే యందురు. ఆ విద్య కొలఁదిమందికే దక్కినమాటయు నిజమే. నాఁటి పాఠశాలలలో నేఁతగాని బిడ్డకును, బాలికలకును చోటు మిక్కిలి తక్కువ. సరసవినోదినిలోను స్త్రీపాత్రలను పురుషులే ధరించిరి. షేక్స్పియరునాఁటి లండనులోను బాలురే యా పాత్రలను ధరించిరి. 1946 లో మరణించుటకు ముందే రాఘవ స్త్రీలు రంగమున కెక్కవలయునని పట్టుపట్టి, వారితోఁ గలసి నటించెను. కాఁబట్టి బరువుగా వచ్చినదానిని తమ సొత్తుగా మార్చుకొన్నవారి చరిత్రయే యిది. రామకృష్ణమాచార్యులు ఆంగ్లనాటకమునకు దాసుఁడు గాలేదు, దానిచేతఁ దెలుఁగునకు సేవ చేయించుకొనెను.

ఉపసంహారము

నేఁడు ఈ మూఁడు పురములలోను కళాశాలలు గలవు. నేఁతపనివారి బిడ్డలును, రైతుల బిడ్డలును, బాలికలును ఆంగ్లము చదువుచున్నారు. నాఁడు కొందఱికే తెఱచిన ద్వారము నేఁ డనేకులకుఁ దెఱవఁబడినది. కాని నాటకమును సారాంశముగా, ప్రశ్నోత్తరములుగా కుదించి చేతఁబెట్టినచో, ద్వారమును దెఱచి లోపలి దీపము నార్పినట్లగును. తమ సీమలోఁ బుట్టినవారు పరభాషానాటకము నెట్లు నేర్చిరో యా బిడ్డల కెవ్వరైనఁ జెప్పవలయును.

ధర్మవరమునుండి వెడలిన పండితపుత్రుఁడు రంగము కట్టి నేర్చెను. తాడిపత్రి బాలుఁడు తోడివారిని గూర్చుకొని యాడి నేర్చెను. పెనుకొండ బాలుఁడు ఆ భాష సొంతమైనవారి నోట విని నేర్చెను. ముగ్గురును తెలుఁగును విడిచి ఆంగ్లమునకుఁ బోలేదు. తెలుఁగున నిలిచియే ఆంగ్లమును పిలిచిరి. ఈ సీమ యుపాధ్యాయులు తరగతిలో ఒక్క దినము వ్యాఖ్యానమును మూసి, ఆంటొనీ ప్రసంగమును ఒక్కొక్క విద్యార్థిచేతఁ బలికింతురు గాక. నలువది గొంతులలో నలువది యర్థములు వినఁబడును. నాటకము నేర్పుట యన నదియే.